రోజుకి ఆరు జాకెట్లు అనుకున్నాను, పుస్తకం మూడే అంది

మీరు అడిగింది ఇది: ఇంటి దగ్గర నుంచే పనిచేస్తున్నారు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఖాళీ ఉండదు, పడుకునేటప్పుడు చూసుకుంటే అసలు పని అలాగే మిగిలి ఉంటుంది. టైం సరిగ్గా వాడుకోవడం ఎలా, తెల్లవారుజామున 4 గంటలకి లేవడం మొదలుపెట్టాలా అని.

నేను ఆఫీసు ఉద్యోగిని కాదు. తెనాలిలో మా ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని 14 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. అయినా మీ ప్రశ్న చదువుతుంటే నా గురించి ఎవరో రాసినట్టే అనిపించింది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2023లో అధిక శ్రావణం వచ్చింది, గుర్తుందా? మామూలుగా ఆషాఢం వెళ్లగానే మాకు ఊపిరి ఆడదు. పెళ్లిళ్లు, నోములు, వరలక్ష్మీ వ్రతం అన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఆ ఏడాది ఆషాఢం జూన్ 19న మొదలైంది, దాని వెనకే అధిక మాసం. రెండింట్లోనూ పెళ్లి ముహూర్తాలు ఉండవు. నిజ శ్రావణం ఆగస్టు 17న గాని రాలేదు, వ్రతం 25న. అంటే నాకు దాదాపు రెండు నెలలు చేతిలో ఉన్నాయి. ఈసారి రాత్రిళ్లు కూర్చునే పనే లేదు, అన్నీ ముందే కుట్టి పెట్టేస్తానని మా ఆయనతో గొప్పగా చెప్పాను.

టైం చాలా ఉంది కదా అని ఎవరు వచ్చినా కాదనలేదు. 71 జాకెట్లు ఒప్పుకున్నాను. జూలై అంతా "ఇంకా చాలా రోజులుందిలే" అనుకుంటూ నింపాదిగా కుట్టాను. పావుగంటలో అయ్యే కటింగుకి ముప్పావుగంట తీసుకున్నాను. మధ్యలో బీరువాలు సర్దాను, పచ్చళ్లు కలిపాను. ఆగస్టు 10న కూర్చుని లెక్కపెడితే పూర్తయినవి 26. మిగతా 45 మూటలు నా వంక చూస్తున్నాయి.

తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. 22 నుంచి మూడు రాత్రులు సరిగ్గా పడుకోలేదు. వ్రతం రోజు పొద్దున ఆరింటికి మా వీధి చివర ఉండే పిన్నిగారు తలంటుకుని, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఆవిడ జాకెట్టుకి ఇంకా చేతులు ఎక్కలేదు. "పర్లేదులే అమ్మా, పాతది వేసుకుంటాను" అని వెనక్కి తిరిగారు. తిట్టి ఉంటే ఆ పూటతో మర్చిపోయేదాన్ని. ఆ ఒక్క మాటకి మాత్రం వారం రోజులు అన్నం సహించలేదు.

ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి అప్పుడు చెప్పింది, పార్కిన్సన్ అనే ఆయన 1955లోనే ఈ సంగతి రాశాడట: ఎంత టైం ఇస్తే అంత టైం నిండేదాకా పని సాగుతూనే ఉంటుందని. రెండు నెలలు దొరికిన నాకు అది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. అయితే నా తప్పు ఎక్కడుందో ఆ మాటతో తేలలేదు. ఒక చిన్న పుస్తకం వల్ల తేలింది.

పాల లెక్క రాసుకునే పుస్తకంలో వెనక పేజీలు తీసి వారం రోజులపాటు ఒక్కటే రాశాను. మిషన్ మీద కూర్చున్న టైం, లేచిన టైం, ఎందుకు లేచాను. అంతే. అందులో నీతులు లేవు, ప్లాన్లు లేవు. మీకు చెప్పేదల్లా ముందు ఈ పని చేయమని. మొదటి రోజు పేజీ ఇంకా నా దగ్గర ఉంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా, అంటే తొమ్మిది గంటలు "పనిలో" ఉన్నాను. అందులో మిషన్ నడిచింది 3 గంటల 40 నిమిషాలు. లేచింది 19 సార్లు.

ఎందుకు లేచానో చూస్తే నాకే నవ్వొచ్చింది. మెరూన్ జాకెట్టు తర్వాత ఆకుపచ్చ, ఆకుపచ్చ తర్వాత మళ్లీ మెరూన్. ప్రతిసారీ రీలు మార్చు, బాబిన్‌లో పాత దారం తీసి కొత్తది చుట్టు, ఆ రంగు దారం డబ్బాలో కనిపించకపోతే వెతుకు. లైనింగ్ గుడ్డ తడపలేదని గుర్తొచ్చి బకెట్లో వేయడానికి లేచాను. తడపకుండా కుడితే మొదటి ఉతుక్కే ముడుచుకుపోయి జాకెట్టు పైకి లాగేస్తుంది, కాబట్టి తడపక తప్పదు. ఆరేదాకా ఇంకో జాకెట్టు పట్టుకున్నాను, అది సగంలో ఉండగా ఇది ఆరింది. కొలతకి ఆది జాకెట్టు ఇవ్వడానికి ఒకరొస్తే, ఇచ్చినది మార్చుకోవడానికి ఇంకొకరొచ్చారు.

ఇక ఫోన్లు. ఆ ఒక్కరోజే "అక్కా, అయిందా?" అని 11 ఫోన్లు.

నాకు కళ్లు తెరిపించింది ఈ ఫోన్లే. వాళ్లు ఊరికే చేయడం లేదు. నేను చెప్పిన తేదీ దాటిపోయింది కాబట్టి చేస్తున్నారు. వాళ్లు చేస్తారు కాబట్టి నేను లేస్తాను. లేస్తాను కాబట్టి ఇంకొకరి తేదీ దాటిపోతుంది, రేపు ఆవిడా ఫోన్ చేస్తుంది. తేదీలు నోటికొచ్చినట్టు చెప్పింది నేను, ఫోన్లు మోగుతున్నాయని విసుక్కునేదీ నేనే.

అందుకని ముందు తేదీలు చక్కబెట్టుకున్నాను. దానికి ఒక జాకెట్టుకి నిజంగా ఎంత పడుతుందో తెలియాలి. అడిగితే ఎప్పుడూ "గంటన్నర" అనేదాన్ని. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. లైనింగుతో మామూలు జాకెట్టుకి కటింగు 20 నిమిషాలు, కుట్టడం గంటా పది నిమిషాలు, హుక్కులు, కాజాలు, ఎమ్మింగు, ఇస్త్రీ కలిపి ఇంకో 40. మొత్తం రెండు గంటల పది నిమిషాలు. చేతిపని నా లెక్కలో ఎప్పుడూ లేదు, అది పనే కాదన్నట్టు ఉండేది. రోజుకి ఆరు కుట్టగలనని 14 ఏళ్లుగా నమ్ముతున్నాను. ఇంటిపని, వంట పోను నాకు దొరికేది ఏడు గంటలైతే మూడు దాటవు. ప్రిన్సెస్ కట్టో, వెనక కట్టుకునే డోరీలు, వాటికి వేలాడే లట్కన్లు ఉన్నవో అయితే రెండే.

మూడు అని ఒప్పుకోవడానికి కొంత సిగ్గు పడ్డాను, నిజం చెప్పాలంటే. ఆరు అనుకున్నప్పుడు కూడా కుట్టింది మూడే కదా, మిగతా మూడూ నా నోటి మాటలే కదా అనుకున్నాక తేలికైంది.

ఇప్పుడు క్యాలెండరు మీద ప్రతి తేదీలో మూడు గీతలు గీసి పెట్టాను. ఎవరైనా గుడ్డ ఇస్తే గీత మీద పేరు రాస్తాను. మూడూ నిండితే ఆ రోజు అయిపోయినట్టే. వారంలో శనివారం మాత్రం ఖాళీగా వదులుతాను. ఆ శనివారం ఎప్పుడూ ఖాళీగా ఉండదు, కరెంటు పోయిన రోజువో, పిల్లాడికి జ్వరం వచ్చిన రోజువో వచ్చి దాన్లో పడతాయి. మొదట్లో దాన్ని కూడా నింపేశాను, నెల తిరక్కుండానే బుద్ధొచ్చింది.

"రేపటికి కావాలి వదినా" అనే వాళ్లు ఉంటారు. ఇంతకుముందు మొహమాటంతో సరే అనేదాన్ని. ఇప్పుడు క్యాలెండరు వాళ్ల వైపు తిప్పి, "ఈ ముగ్గురిలో ఎవరిది వెనక్కి జరపమంటారో మీరే చెప్పండి" అంటున్నాను. పేర్లు చూసేసరికి సగం మంది "సరేలే, గురువారం తీసుకుంటా" అంటారు. ఇద్దరు ముగ్గురు వేరే టైలరు దగ్గరికి వెళ్లిపోయారు కూడా. అందులో ఒకావిడ మళ్లీ వచ్చింది.

తేదీలు దారిలో పడ్డాక ఫోన్లు వాటంతట అవే తగ్గాయి. ఫోను పక్కగదిలో పెట్టమని అందరూ చెబుతారు, నేనూ చేసి చూశాను. చెప్పిన తేదీకి ఇవ్వనంత కాలం అది పక్కగదిలో మోగినా మనసు అక్కడే ఉంటుంది. తర్వాత పెట్టినప్పుడు పనిచేసింది. కొలతలు ఇవ్వాలన్నా, జాకెట్లు తీసుకోవాలన్నా సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపలే రమ్మని గేటుకి అట్టముక్క కట్టాను. పెద్దవాళ్లు ఎవరైనా మధ్యాహ్నం వస్తే మాత్రం వెళ్లిపొమ్మనలేను. మనకి ఆఫీసు గేటు లేదు కదా, ఇది ఇల్లు.

పని వరస కూడా మార్చాను. దీని వల్ల ఇంత తేడా వస్తుందని అనుకోలేదు. ఇంతకుముందు ఒక జాకెట్టు మొదలుపెడితే హుక్కుల దాకా పూర్తిచేసి ఇంకోటి పట్టుకునేదాన్ని, అదే పద్ధతైన పని అని. ఇప్పుడు ఆదివారం రాత్రి వారానికి సరిపడా లైనింగులన్నీ ఒకే బకెట్లో నానేస్తాను. సోమవారం ఆరబెట్టి ఇస్త్రీ చేసి, ఏ జాకెట్టు ముక్కతో ఆ లైనింగు చుట్టి పెడతాను. పొద్దున్న వెలుగు బాగున్నప్పుడు, బుర్ర కూడా బాగున్నప్పుడు, ఆ రోజు మూడింటి కటింగూ ఒకేసారి అయిపోతుంది. కటింగులో తప్పు జరిగితే సరిదిద్దుకోలేం, కుట్టులో జరిగితే విప్పుకోవచ్చు. అందుకే కత్తెర పని పొద్దున్నే. తర్వాత రంగుల వారీగా మిషన్ మీదికి ఎక్కిస్తాను. వీలైనంతవరకూ మెరూను, ఎరుపు, రాణీ రంగు ఒక రోజు, ఆకుపచ్చలు, నీలాలు ఇంకో రోజు వచ్చేట్టు పేర్లు రాస్తాను. బాబిన్లు నాలుగైదు ముందే చుట్టి అగ్గిపెట్టెలో వరసగా పెట్టుకుంటాను. హుక్కులు, ఎమ్మింగు మధ్యాహ్నం భోజనం అయ్యాక, కళ్లు మూతలు పడే వేళకి. చేతిలో పని, టీవీలో సీరియలు. కరెంటు పోయినా ఆగదు.

వరస మార్చిన నెలకి మళ్లీ పుస్తకం రాసి చూస్తే లేచింది 19 సార్ల నుంచి 8కి తగ్గింది. మిషన్ నేను వేగంగా తొక్కడం లేదు, అదే కాలు, అదే స్పీడు.

మా అమ్మాయి ఇంకోటి కూడా పట్టుకొచ్చింది, పొమొడోరో అని. ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో చదువుకునే రోజుల్లో, టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమరు పెట్టుకుని చదివేవాడట. వాళ్ల భాషలో పొమొడోరో అంటే టమాటాయే. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. నాలుగు రోజులు చేశాను. సరిగ్గా చెయ్యి ఎక్కించేటప్పుడు, చంక దగ్గర రెండు పొరలూ వేళ్లతో పట్టుకుని సూది కింద తిప్పుతుంటే గంట మోగేది. అక్కడ వదిలి లేస్తే మడత జారిపోతుంది, మళ్లీ మొదటికి. మిషన్ పనికి అది కుదరదు. హుక్కులకి మాత్రం బాగుంది, నడుము పట్టకుండా లేపుతుంది. మీది చదువో రాతపనో అయితే మీకు బాగా కుదరొచ్చు. కుదరకపోతే మీలో లోపం ఉందని మాత్రం అనుకోకండి.

మీ పని ఏమిటో మీరు రాయలేదు. ఏదైనా సరే, ఈ వారం కొత్త పద్ధతి ఏదీ మొదలుపెట్టకండి, ఎందుకు లేస్తున్నారో రాయండి చాలు. "అసలు పని" అన్నారు చూడండి, అది నిజంగా ఎన్ని గంటల పనో ఒకసారి గడియారం పెట్టి చూడండి. రెండు గంటల పది నిమిషాల పనిని గంటన్నర ఖాళీలో కుక్కుతుంటే అది రోజూ మిగలకుండా ఎలా ఉంటుంది?

నేనేదో గట్టెక్కేశాననుకోకండి. మొన్నటి మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. ఇంట్లో వాళ్ల జాకెట్లకి గీతలు గీయలేదు, "మనవాళ్లే కదా" అని. 13 జాకెట్లు. పెళ్లికి రెండు రోజుల ముందు మళ్లీ పాత కథే.

ఇక 4 గంటలకి లేవడం సంగతి. ఆ 2023లోనే, ఆగస్టులో, ఒక వీడియో చూసి నేనూ లేచాను. రాత్రి పడుకునేది మాత్రం పన్నెండుకే. అయిదో రోజు ట్యూబులైటు కింద ఒక నేవీ బ్లూ పట్టు జాకెట్టు ముక్క పరిచి చేతులు కత్తిరించాను. ఒక వైపు తిరగేసి వేయడం మర్చిపోయాను. రెండూ కుడిచేతులే వచ్చాయి. చీరతో వచ్చిన ముక్క, ఇంకో అంగుళం కూడా లేదు. ఒకదాన్ని తిప్పి వేద్దామంటే బార్డరు లోపలి దారాలు బయటికి కనిపిస్తున్నాయి. ఆవిడకి వేరే పట్టు ముక్క నా డబ్బులతో కొని కుట్టిచ్చాను, రంగు కొంచెం తేడాగానే ఉంది. ఆ మర్నాటి నుంచి ఆరింటికే లేస్తున్నాను. ఆ రెండు కుడిచేతుల్ని పారేయలేక, అంచులు మూసి లోపల గుడ్డపీలికలు కూరి, గుండుసూదులు గుచ్చుకోవడానికి మిషన్ పక్కనే పెట్టుకున్నాను.