యాకోబు, జేమ్స్ వేర్వేరు పేర్లా?

సందేహం: మాకు ఈ మధ్యే మనవడు పుట్టాడు. మా మామగారి పేరు యాకోబు. బాబుకి ఆ పేరే పెట్టాలని మావారి కోరిక. కోడలేమో జేమ్స్ అని పెడదాం, అదీ బైబిల్లో పేరే కదా అంటోంది. తెలుగు బైబిల్ అంతా వెతికాను, జేమ్స్ ఎక్కడా కనబడలేదు. ఈలోగా దగ్గరివాళ్ళు ఒకరు వచ్చి, యాకోబు అంటే మోసగాడని అర్థం, పసివాడికి ఆ పేరేమిటి అన్నారు. అప్పటినుంచి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఇవి రెండు పేర్లా, ఒకటేనా? జేకబ్ అనడం చేతగాక మనవాళ్ళు యాకోబు అన్నారా? ఆ అర్థం నిజమేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందుగా మీ మనవడికి నా ఆశీస్సులు. మీకు కనబడలేదన్న జేమ్స్ నిజానికి మీకు చాలాసార్లు కనబడే ఉంటాడు, యాకోబు అన్న పేరుతో. జెబెదయి కొడుకు, యోహాను సోదరుడు అయిన యాకోబును ఇంగ్లీషు బైబిల్లో జేమ్స్ అంటారు. అల్ఫయి కొడుకు యాకోబూ అక్కడ జేమ్సే. మనం ‘యాకోబు వ్రాసిన పత్రిక’ అని చదివేది వాళ్ళకు జేమ్స్ పత్రిక. ఇస్సాకు కొడుకు యాకోబును మాత్రం ఇంగ్లీషువాళ్ళు జేకబ్ అన్నారు. అంటే వాళ్ళు ఒకే పేరును రెండుగా చీల్చుకున్నారు. తెలుగు బైబిల్ అందరినీ యాకోబు అనే పిలిచింది.

చీలిక ఎలా వచ్చిందో చెబుతాను. మూలం హీబ్రూ పేరు ‘యఅకోవ్’. గ్రీకులో పాత నిబంధన యాకోబును ‘ఇయాకోబ్’ అని ఉన్నదున్నట్టు ఉంచి, కొత్త నిబంధనలోని శిష్యులకు గ్రీకు ప్రత్యయం చేర్చి ‘ఇయాకోబొస్’ అన్నారు. మనం రామ శబ్దానికి డు చేర్చి రాముడు అన్నట్టే. లాటిన్‌లో అది ‘యాకోబుస్’ అయింది. తర్వాతి కాలపు లాటిన్ వాడుకలో బ పోయి మ వచ్చి ‘యాకోముస్’ అనే రూపం పుట్టింది. బ, మ రెండూ పెదవులతో పలికేవే కాబట్టి ఒకటి జారి ఇంకొకటి కావడం తేలిక. మామయ్య అని రాసి మావయ్య అని పలికే మనకు ఇది వింతేమీ కాదు. ఆ మకారం ఉన్న రూపమే ఫ్రెంచి నోళ్ళలో నలిగి, ఇంగ్లీషులోకి వచ్చి జేమ్స్ అయింది. ఇటలీవాళ్ళ జాకొమో కూడా ఆ దారినే వచ్చింది. స్పెయిన్‌వాళ్ళు ‘సాంట్ ఇయాగో’, అంటే పరిశుద్ధుడైన యాకోబు, అనే రెండు మాటలను కలిపేసి సాంటియాగో అన్నారు. అరబ్బీలో అది యాకూబ్. ఆ పేరు మనకు కొత్తది కాదు. యాకోబు, యాకూబ్ పక్కపక్కన పెట్టి ఒకసారి పైకి పలకండి, చుట్టరికం చెవికే తెలుస్తుంది.

ఇక జేకబ్ అనడం చేతగాక యాకోబు అన్నారా అన్న ప్రశ్న. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఇంగ్లీషు రూపమే అసలుదని, మన నోట్లో ఉన్నది దాని వికారమని చదువుకున్నవాళ్ళు కూడా అనుకుంటున్నారు. నిజం తిరగబడి ఉంది. హీబ్రూలో ఈ పేరు యకారంతోనే మొదలవుతుంది. గ్రీకు, లాటిన్లలోనూ మొదట యకారానికి దగ్గరి ధ్వనే. జర్మన్లు ఇప్పటికీ యాకోబ్ అనే పలుకుతారు. ఆ యకారం ఫ్రెంచిలో జకారంగా మారింది, అక్కడినుంచి ఇంగ్లీషుకు చేరింది. అందుకే వాళ్ళకు జాన్, జోసెఫ్, జోనా, జెరూసలేం. మనకు యోహాను, యోసేపు, యోనా, యెరూషలేము. మొదటి అక్షరం దగ్గర తెలుగు రూపాలే మూలానికి దగ్గర.

మరి తెలుగు బైబిల్లో జకారంతో పేర్లే లేవా అంటే, ఉన్నాయి. జెకర్యా, జెబూలూను, జక్కయ్య. అవన్నీ ఇంగ్లీషులో జడ్ అక్షరంతో రాసే పేర్లు. ఆ ధ్వనికి మన లిపిలో విడిగా అక్షరం లేదు కాబట్టి జ తో రాశారు. లాజరు, ఎజ్రా, నజరేతు, బోయజు చూడండి, అదే పద్ధతి. య ను య గా ఉంచి, జ ను ఈ వేరే ధ్వనికి వాడుకున్నారు. ఆ అనువాదకుల చెవి ఎంత శ్రద్ధగా పనిచేసిందో ఇక్కడ తెలుస్తుంది.

అలాగని జకారంతో పెట్టుకున్న పేర్లు తప్పని అనను. గుర్రం జాషువా గారి పేరు తెలుగు బైబిల్లో యెహోషువ. ఆయన పేరు ఇంగ్లీషు ఉచ్చారణ మీదుగా వచ్చింది. ఆ పేరుతోనే ఆయన తెలుగు పద్యాన్ని ఏలారు. జాషువా అంటే ఇప్పుడు మనకు అచ్చమైన తెలుగు కవి పేరు. కాబట్టి మీ కోడలి జేమ్స్‌లో దోషం లేదు. అది మీ మామగారి పేరే, చాలా దూరం తిరిగి వచ్చింది, అంతే.

ఇక అర్థం సంగతి. దీని మీదే మీ ఇంట్లో ఎక్కువ దిగులు ఉన్నట్టుంది. హీబ్రూలో ‘అకేవ్’ అంటే మడమ. కవలల్లో రెండోవాడు అన్న మడమ పట్టుకుని పుట్టాడు కాబట్టి యాకోబు అన్నారని ఆదికాండము 25వ అధ్యాయం చెబుతుంది. పేరు పెట్టినప్పటి మాట అదొక్కటే, అందులో మోసం లేదు. మోసం ప్రస్తావన 27వ అధ్యాయంలో వస్తుంది. ఆశీర్వాదం పోగొట్టుకున్న ఏశావు కడుపు మంటతో, వీడికి ఆ పేరు సరిగ్గానే పెట్టారు, నన్ను రెండుసార్లు మోసం చేశాడు అంటాడు. ఆ ధాతువుకు వెనకనుంచి పట్టి దెబ్బతీయడం అనే ఛాయ కూడా ఉంది కాబట్టి, తమ్ముడి పేరు మీద ఏశావు వేసిన శ్లేష అది. మనకూ కాళ్ళు పట్టుకోవడం అంటే ఒకచోట ఉత్త చేష్ట, ఇంకోచోట బతిమాలడం. ఒక మాటకు రెండో ఛాయ ఉన్నంత మాత్రాన మొదటిది పోదు. కోపంలో ఉన్న అన్న అన్న మాటను పేరుకు అర్థంగా రాసుకోవడం న్యాయం కాదు. ‘దేవుడు కాపాడుగాక’ అనే అర్థమిచ్చే ఒక పొడవైన పేరుకు ఇది పొట్టి రూపం అయి ఉండవచ్చనే అభిప్రాయం కూడా పండితుల్లో ఉంది.

పైగా, పేరు మనిషికి అతికాక ధాతువు వెనక్కి వెళ్ళిపోతుంది. పెంటయ్య అని పిలిచేటప్పుడు ఎవరికైనా పెంటకుప్ప గుర్తొస్తుందా? పుట్టిన పిల్లలు దక్కక, ఈ బిడ్డైనా దక్కాలని కన్నవాళ్ళు పడిన ఆరాటం ఆ పేరులో ఉంది. పిచ్చయ్య, పుల్లయ్య అన్న పేర్లతో ఎంతోమంది గౌరవంగా బతికారు. యాకోబు అనగానే మీ ఇంట్లోవాళ్ళకు గుర్తొచ్చేది మీ మామగారు. పేరుకు అంతకంటే బలమైన అర్థం నిఘంటువులో దొరకదు.

ఏది పెట్టాలో నిర్ణయం మీ ఇంటిల్లిపాదిదీ. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. ఒక కాగితంలో యాకోబు, ఇంకోదానిలో జేకబ్, మరోచోట జేమ్స్ అని రాయించకండి. మూడూ ఒకటేనని మనకు తెలుసు, కాగితాలు చూసేవాళ్ళకు ముగ్గురు మనుషులు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడూ ఒకే స్పెల్లింగ్‌కు కట్టుబడండి. ఇంట్లో పిలుపుకు ఆ నియమం అక్కర్లేదు.

నన్ను అడిగితే యాకోబుకే మొగ్గుతాను. కారణం ఆ చివరి ఉకారం. హల్లుతో ముగిసే పరభాషా నామాలకు ఉకారం చేర్చుకోవడం మన భాష స్వభావం. బస్సు, కారు అలాగే వచ్చాయి, దావీదు, సమూయేలు, రూతు, ఎస్తేరు కూడా అలాగే వచ్చాయి. ఆ అచ్చు ఉండబట్టే పేరు మన సంధుల్లో, విభక్తుల్లో ఇట్టే ఇమిడిపోతుంది. రూతమ్మ, దావీదన్న, యాకోబయ్య. ఇంకొక సుఖం కూడా ఉంది. ఆడుకోవడానికి పోయిన పిల్లవాణ్ణి పొద్దుగూకాక గుమ్మంలో నిలబడి కేకేయాలంటే పేరు చివర సాగదీయడానికి ఒక అచ్చు కావాలి. జేమ్స్‌లో అది లేదు. యాకోబూ... అని ఒకసారి పిలిచి చూడండి.