ఊఁ కొట్టకు బిడ్డా

బిడ్డా,

నువ్వు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా, అంటే రేడియోలో విమానాలకు దారి, ఎత్తు చెప్పే ఉద్యోగానికి సెలెక్ట్ అయ్యావని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచీ రాద్దామనుకుంటున్నా. మిర్యాలగూడలో మన బజారంతా మన పిల్ల, విమానాలకు జెండా ఊపే ఉద్యోగానికి పోతుందట అంటున్నారని విన్నా. అననీ. నన్ను ముప్పై ఏళ్లు అట్లనే అన్నారు, రిటైరైనా ఇంకా అంటున్నారు.

ప్రయాగ్‌రాజ్ ట్రైనింగులో చెప్పే వాతావరణం, నావిగేషన్, రూల్సు చదివితే వచ్చేస్తాయి. ఫిజిక్సు, లెక్కలు చదివిన పిల్లవి, వాటి గురించి నేను రాసేదేం లేదు. మంచి స్వెటర్ మాత్రం తీసుకుపో, జనవరిలో అక్కడి పొగమంచు మన దగ్గర పడే మంచులాంటిది కాదు.

నేను రాసేది చెవి గురించి.

మా తాత కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. ఏడు దగ్గరికొచ్చేసరికి ఆరున్నొక్కటి. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని. నువ్వు పోయే చోట కూడా అంకెలకు వేరే పేర్లుంటాయి, కాకపోతే శకునం కోసం కాదు, రేడియో గరగర కోసం. నైన్‌ను నైనర్ అనాలి, ఫైవ్‌ను ఫైఫ్, త్రీని ట్రీ, థౌజండ్‌ను టౌజండ్. డిగ్రీలో నేను త్రీని ట్రీ అన్నానని క్లాసంతా నవ్వింది. ఆ ట్రీకే తర్వాత నెలనెలా జీతం వచ్చింది.

నైనర్ ఎందుకో నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు. మొదటి పోస్టింగులో, ఇంకా నేర్చుకునే రోజుల్లో, ఒక విమానాన్ని లెవెల్ 90కి, అంటే దాదాపు తొమ్మిది వేల అడుగులకు దిగమన్నా. తొందరలో నైన్ జీరో అనేశా. మనం చెప్పింది పైలట్ తిరిగి చెప్పాలి, అతను ఫైవ్ జీరో, అంటే ఐదు వేలు, అన్నాడు. నేను స్ట్రిప్ మీద, అంటే ఆ విమానం వివరాలు రాసుకునే కాయితం పట్టీ మీద, 90 పక్కన టిక్ పెట్టేసి ఇంకో విమానంతో మాట్లాడటం మొదలుపెట్టా. అతను అన్నది నా చెవికి చేరనే లేదు బిడ్డా, నేను అనుకున్నదే నాకు వినపడింది. మధ్యలో ఏడు వేల అడుగుల మీద ఇంకొకటి పోతోంది. వెనక కూర్చుని నాకు నేర్పే సారు తన మైకు నొక్కి, నెగటివ్, అంటే తప్పు అని, సరైన అంకె మళ్ళీ చెప్పి, దాన్ని పైలట్ చేత పలికించాడు. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. నా చేతిలో పెన్ను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ షిఫ్టు అయిపోయేదాకా వినడమొక్కటే నా పని.

అప్పటి నుంచి నేను పట్టుకున్న పద్ధతి చెప్తా. పైలట్ తిరిగి చెప్పేటప్పుడు పెన్ను మొనను స్ట్రిప్ మీది అంకెల మీద ఒక్కొక్కటిగా జరుపు. అతని నోట్లో అంకె పడ్డాకే నీ పెన్ను కదలాలి. కాయితం స్ట్రిప్‌లు పోయి స్క్రీన్లు వచ్చిన చోట వేలు పెట్టు, పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ.

ఇంకోటి, ఇది మనవాళ్లకు పుట్టుకతో ఉన్న అలవాటు. కథ చెప్తుంటే సగం నిద్రలో కూడా ఊఁ కొడతాం, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే హా, ఆఁ అంటూనే ఉంటాం. రేడియోలో ఆ ఊఁ ప్రాణం తీస్తుంది. 1977 మార్చి 27న టెనెరీఫ్ దీవిలో మంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. వాటిలో ఒకటైన కేఎల్‌ఎం విమానం కాక్‌పిట్ నుంచి టేకాఫ్ దగ్గరున్నాం అన్నట్టు ఎటూ కాని మాటొకటి వచ్చింది. టవర్లో ఉన్నతను ఓకే అన్నాడు, అది మన ఊఁ లాంటిదే. ఆగు, నేను పిలుస్తాను అని వెంటనే చెప్పాడు కూడా, కానీ సరిగ్గా అప్పుడే రెండో విమానం, పాన్‌యామ్ వాళ్లు కూడా మైకు నొక్కడంతో రెండు మాటలూ కీచుమనే శబ్దంలో కలిసిపోయాయి. ఆ తర్వాతే టేకాఫ్ అనే మాటను అనుమతి ఇవ్వడానికో రద్దు చేయడానికో తప్ప వాడకూడదని, మిగతా చోటంతా డిపార్చర్ అనాలని పెట్టారు. అందుకని నువ్వు ఊఁ కొట్టకు, పైలట్ ఊఁ కొట్టినా ఒప్పుకోకు. ఎత్తు చెప్తే ఉత్త రోజర్, అంటే విన్నాను, అని వదిలేసేవాళ్లు ఉంటారు, ఎంత సీనియర్ గొంతు అయినా సరే, అంకె మళ్ళీ చెప్పించు.

ఇప్పుడు స్క్రీన్ మీద విమానం పక్కనే దాని ఎత్తు కనిపిస్తుంది గదా, ఇదంతా ఎందుకు అంటావేమో. 1996 నవంబరు 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గాల్లో ఢీకొని 349 మంది పోయినప్పుడు ఢిల్లీ రాడార్‌లో ఆ ఎత్తు కనిపించేది కాదు. కంట్రోలర్ ఒకదానికి పదిహేను వేలు, ఇంకోదానికి పద్నాలుగు వేలు సరిగ్గానే ఇచ్చాడు, ఎదురుగా విమానం వస్తోందని కూడా చెప్పాడు, అయినా పైది కిందికి దిగింది. ఇప్పుడు సాధనాలు బాగున్నాయి, ఒప్పుకుంటా. కానీ స్క్రీన్‌లో తప్పు కనిపించేసరికి విమానం అప్పటికే దిగుతుంటుంది, చెవితో పట్టుకుంటే ఇంకా కదలకముందే పట్టుకుంటావు.

డ్యూటీ చేతులు మారేటప్పుడు మాత్రం మొహమాటపడకు. సీనియర్ లేచి పోతున్నా సరే, పరిస్థితి అర్థం కాలేదంటే కూర్చోమను. బదిలీ అయితే కొత్త చోట మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని రేటింగ్, అంటే అక్కడ పనిచేసే అర్హత, తెచ్చుకోవాలి, ఇరవై ఏళ్ల సర్వీసున్న నేను కూడా ఒక కుర్రాడి పక్కన కూర్చుని నేర్చుకున్నా. చిన్నతనం అనిపించింది, అబద్ధమెందుకు.

ఇక నిద్ర. గడియారాలన్నీ యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ఒకే సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక, నైట్ డ్యూటీలో తెల్లారి ఐదున్నరకు తేదీ మారుతుంది, ఒంటికి అది అర్థం కాదు. రూముకొచ్చాక ఫోన్ ఆపి పడుకో, పెళ్ళి కబుర్లు మధ్యాహ్నం వినొచ్చు. జలుబు మందైనా డాక్టర్‌ను అడక్కుండా మింగకు.

నైట్ డ్యూటీ మరునాడు పన్నెండు లోపు ఫోన్ చేయొద్దని మీ అమ్మకు నేనే చెప్తా. ఊఁ అంటుంది, నాకు తెలుసు. మళ్ళీ చెప్పమంటా.

పెద్దనాయన