పాత ఫోక్స్‌వ్యాగన్ బస్సును టో బార్‌తో, నాలుగు చక్రాల మీదే లాక్కురావచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: బేకర్స్‌ఫీల్డ్‌లో 1971 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బస్సు కొన్నారు (పేరుకే బస్సు, నిజానికి వ్యానే). మాన్యువల్ గేర్లు, ఇంజన్ స్టార్ట్ కావట్లేదు. శాన్ హోజే దాకా, అంటే దాదాపు 240 మైళ్ళు, మీ బావగారి హోండా ఒడిస్సీ మినీవ్యాన్‌కి టో బార్ (రెండు బండ్లనూ కలిపే ఇనుప బార్) తగిలించి తెచ్చుకుందామని ఆలోచన.

ఒడిస్సీతో మాత్రం వద్దండి. వేరే బండితో అయితే కుదరొచ్చు, కానీ ఆ మాట మీ ఫోక్స్‌వ్యాగన్ ముందు చక్రాలు చూశాకే చెప్పాలి.

నా దగ్గర 1972 బస్సు ఉంది. ఫ్రెస్నోలో కొని, స్నేహితుడి పికప్ ట్రక్కు వెనక టో బార్‌తోనే 99వ నంబరు హైవే మీదుగా వచ్చి, 152 ఎక్కి పచేకో పాస్ అనే కొండ దారి దాటించి తెచ్చుకున్నాను. తర్వాత తెలిసినవాళ్ళ బండ్లు కొన్ని ఇలాగే కదిపాం. వీటన్నిటిలో నాకు తెలిసొచ్చింది ఒకటే. టో బార్ ఉన్నది చెడిపోయిన బండిని తేవడానికి కాదు. ఇంజన్ ఒక్కటి తప్ప టైర్లు, బేరింగులు, స్టీరింగు, బ్రేకులు అన్నీ రోడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్న బండిని తేవడానికే. ఎందుకంటే దారి పొడుగునా ఆ నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి, పైగా లోపల డ్రైవరు ఉండడు. మన వైపు బండి ఆగిపోతే తాడు కట్టి లాగుతారు, కానీ వెనక బండిలో ఒకాయన స్టీరింగ్ పట్టుకుని బ్రేక్ మీద కాలేసి కూర్చుంటాడు. ఇక్కడ ఆ మనిషి లేడు, ఉండకూడదు కూడా. చక్రం ఊగినా, బ్రేక్ డ్రమ్ము పట్టేసినా మీకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ముందు బరువు సంగతి. మీ 1971 లాంటి బే విండో బస్సు (ముందు అద్దం ఒకే ముక్కగా ఉండేది) ఖాళీగా 3,000 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. లోపల మంచం, అల్మరాలు ఉన్న క్యాంపర్ అయితే ఇంకాస్త ఎక్కువ. ఒడిస్సీ లాగగలదని కంపెనీ చెప్పే గరిష్ఠ బరువు 3,500 పౌండ్లు. లెక్కకు సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ చాలా కార్ల మాన్యువళ్ళలో, లాగేది ఒక బరువు దాటితే దానికి సొంత బ్రేకులు పనిచేస్తుండాలని కూడా రాసి ఉంటుంది. టో బార్‌కి కట్టిన వ్యాన్‌కి బ్రేకులు ఉన్నా, పెడల్ నొక్కేవాళ్ళు లేరు కదా. అంటే రెండు బండ్లనీ ఆపాల్సింది ముందు బండి బ్రేకులే. అందుకే ముందు బండి వెనకదానికంటే బాగా బరువుగా ఉండాలి. ఫుల్ సైజు పికప్ నయం. వ్యాన్ పెడల్‌ని దానంతటదే నొక్కే పరికరాలు దొరుకుతాయి. సీటు ముందు పెట్టి పెడల్‌కి బిగిస్తారు. అవి మంచివే, కానీ ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉన్న బండిలో బ్రేక్ ఆయిల్ కారిపోయి, సిలిండర్లు తుప్పుపట్టి ఉంటే ఆ పరికరం నొక్కినా ఏం లాభం? బ్రేకులు బాగుచేశాకే దాని మాట.

ముందు బండి వెనక ఉండే హిచ్ (బార్ తగిలించే భాగం) కూడా చూడండి. మినీవ్యాన్లకు, చిన్న ఎస్‌యూవీలకు బిగించే 1¼ అంగుళాల గొట్టం హిచ్‌లలో కొన్ని 2,000 పౌండ్లకే పరిమితం. మీకు కావాల్సింది 2 అంగుళాల గొట్టం, 2 అంగుళాల బాల్ (బార్ కూర్చునే ఇనుప గుండు), వాటి మీద ముద్రించి ఉన్న బరువు మీ వ్యాన్ కంటే బాగా ఎక్కువ ఉండాలి. పికప్ హిచ్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి కిందకి వంగిన బాల్ మౌంట్ తీసుకోండి. బార్ నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి. ఏటవాలుగా ఉంటే బ్రేక్ వేసినప్పుడల్లా ఒక బండి ఇంకోదాన్ని పైకెత్తడమో, కిందకి నొక్కడమో చేస్తుంది.

ఇక గేర్‌బాక్స్. అందరూ దీని గురించే భయపడతారు గానీ, ఈ బండిలో దీనితో గొడవ తక్కువ. మాన్యువల్ గేర్‌బాక్స్‌ని న్యూట్రల్‌లో పెడితే వెనక చక్రాలతో పాటు లోపలి క్రౌన్ వీల్ తిరుగుతూ నూనెను పైకి చిమ్ముతుంది, ఆ చిమ్మే నూనే చాలు. నూనె ఉందో లేదో మాత్రం చూడాలి. పక్కనున్న ప్లగ్గు 17 మిల్లీమీటర్ల అలెన్ కీతో విప్పితే రంధ్రం అంచు దాకా నూనె తగలాలి. 1967, అంతకు ముందు స్ప్లిట్ విండో (ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండే) బండ్లకు వెనక చక్రాల దగ్గర రెండు చిన్న రిడక్షన్ బాక్సులు (గేర్ల డబ్బాలు) విడిగా ఉంటాయి, వాటి నూనె వేరు, అదీ చూడాలి. ఆటోమేటిక్ బండి (1973 మోడల్ నుంచి వచ్చింది) అయితే మొత్తం మాటే మారిపోతుంది. దాని నూనె పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది, ఇంజన్ ఆగి ఉంటే లోపల నూనె ఆడదు. దాన్ని ఇలా లాగొద్దు.

మీ 1971కి ఒక వెసులుబాటు ఉంది. గేర్‌బాక్స్ మీద నమ్మకం లేకపోతే వెనక డ్రైవ్ షాఫ్టులు విప్పేయొచ్చు, ఒక్కో షాఫ్టుకి లోపల చివర ఆరు, బయట చివర ఆరు బోల్టులు. చక్రం దాని సొంత బేరింగుల మీద నిలబడుతుంది, ఊడిపోదు. స్ప్లిట్ విండో బండిలో ఈ పని కుదరదు, అక్కడ యాక్సిలే చక్రాన్ని మోస్తుంది. అలాగే ఇంజన్ తీసేసిన బండి అయితే గేర్‌బాక్స్ వెనక భాగానికి ఏ ఆధారం మిగిలిందో కిందకి దూరి చూడండి.

అసలు ప్రమాదం ఉన్నది ముందు చక్రాల దగ్గర. టో బార్ ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే యాక్సిల్ బీమ్‌ని లాగుతుంది, స్టీరింగ్‌ని తిప్పదు. మలుపులో చక్రాలు వాటంతటవే తిరిగి దారి పడతాయి, సూపర్‌మార్కెట్ బండి ముందు చక్రాల్లాగా. అలా తిరగడానికి కారణం చక్రం తిరిగే ఇరుసు కొంచెం వెనక్కి వాలి ఉండడం, దాన్నే క్యాస్టర్ అనే కోణం అంటారు. స్టైల్ కోసం ముందు భాగం కిందకి దించేసిన వ్యాన్లలో ఈ కోణం తగ్గిపోతుంది, అప్పుడు చక్రాలు మలుపు తర్వాత తిన్నగా రావడానికి బద్ధకిస్తాయి. అరిగిన బాల్ జాయింట్లు, వదులైన టై రాడ్లు, చచ్చిన స్టీరింగ్ డ్యాంపర్ (ఊపును అణిచే గొట్టం) ఉంటే చక్రాలు గడగడా ఊగడం మొదలవుతుంది. డ్రైవరు ఉన్నప్పుడు చేతులతో అదుపు చేయొచ్చు. ఇక్కడ ఆ ఊపు బార్‌లోంచి ముందు బండికే వస్తుంది.

కాబట్టి జాక్ వేసి ముందు చక్రాలు ఒక్కొక్కటీ లేపండి. పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత అటూ ఇటూ పట్టుకుని ఊపండి. టక్‌మని ఆట తగిలితే ఆ జాయింటు మార్చేదాకా ట్రిప్పు లేదు. డ్యాంపర్ ఒక చివర విప్పి చేత్తో లాగి నెట్టండి, రెండు వైపులా ఒకే బలంతో ఎదురు తిరగాలి. నా బస్సుకి ఫ్రీవే ఎక్కకముందు ఊళ్ళో చిన్న రోడ్ల మీద లాగి చూశాం. వేగం 30 మైళ్ళు దాటగానే ముందు చక్రాలు వణికాయి, కొత్త డ్యాంపర్ వేస్తే పోయింది. మీరూ ఆ చిన్న పరీక్ష తప్పక చేయండి.

బీమ్‌ని ఫ్రేముకి బిగించిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, తుప్పు పొరలు రాలితే అక్కడ బార్ బిగించి లాగడం ఆత్మహత్యే. బంపరుకి బార్ బిగించే ఆలోచన అసలు వద్దు, అది వట్టి రేకు. ముందు కింద కనిపించే కొక్కెం తాడు కట్టి కొంచెం దూరం లాగడానికి పెట్టింది, దీనికి కాదు. బీటిల్ కోసం చేసిన టో బార్ చవగ్గా దొరుకుతుంది, బస్సుకీ సరిపోతుందని అమ్మేవాళ్ళుంటారు. బస్సు బీమ్ వేరు, బరువు వేరు. బస్సుకని స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి.

టైర్ల మీద తయారీ తేదీ కోడ్ చదవండి. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగు అంకెలు లేకుండా మూడే ఉంటే ఆ టైరు 2000కి ముందుది, దాంతో వీధి చివరికి కూడా పోవద్దు. ఈ బండికి 185ఆర్14సీ లాంటి బరువు మోసే వ్యాన్ టైర్లు కావాలి, మామూలు కారు టైర్లు కాదు.

స్టీరింగ్ లాక్ ఉంటే కీ తిప్పి వదిలించండి, స్టీరింగ్‌ని తాడుతో కట్టేయకండి. బ్యాటరీ తీగ పీకేయండి, లేకపోతే ఇగ్నిషన్ ఆన్‌లో మిగిలిపోయి కాయిల్ కాలే అవకాశం ఉంది. లైట్లకు అయస్కాంతంతో అంటుకునే టో లైట్లు తీసుకుని, వాటి తీగ ట్రక్కు ప్లగ్గుకి పెట్టండి. వ్యాన్ సొంత లైట్లకు తీగలు కలపడం కంటే ఇదే సులువు. 1966 దాకా వచ్చిన బస్సులు 6 వోల్టులవి కాబట్టి వాటికైతే వేరే దారి లేదు. పెయింట్ మీద ప్రేముంటే ఆ అయస్కాంతాల కింద గుడ్డ వేయండి. పైకప్పు లేచే క్యాంపర్ అయితే దాన్ని బెల్టుతో కట్టండి, గాలికి లేస్తుంది.

సేఫ్టీ చెయిన్ల విషయంలో చాలామంది చేసేది చూస్తే నాకు చిరాకు. చెయిన్లను టో బార్‌కే తగిలించి వదిలేస్తారు. బార్ వ్యాన్ వైపు ఊడితే ఆ చెయిన్లు బార్‌ని మాత్రమే పట్టుకుంటాయి, వ్యాన్ దాని దారిన అది పోతుంది. చెయిన్లు ట్రక్కు హిచ్ నుంచి వ్యాన్ బీమ్ లేదా ఫ్రేము దాకా పోవాలి, బార్ కింద ఒకదాన్నొకటి దాటుతూ. మలుపుకి సరిపడా వదులు ఉండాలి, రోడ్డు మీద మాత్రం ఈడవకూడదు.

రోడ్డు మీద: కాలిఫోర్నియాలో ఇంకో వాహనాన్ని లాగేటప్పుడు వేగం 55 మైళ్ళు దాటకూడదు, కుడి లేన్లలోనే ఉండాలి. నేనైతే 50 దగ్గరే ఉన్నాను. బయలుదేరిన కొన్ని మైళ్ళకే ఆగి నాలుగు హబ్‌లనూ చేత్తో తాకండి. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే బ్రేక్ షూ పట్టేసినట్టు, లేదా హ్యాండ్ బ్రేక్ కేబుల్ పూర్తిగా వదల్లేదన్నట్టు. వెనక ఇంకో కారు వస్తుంటే మరీ మంచిది. ట్రక్కు అద్దంలో వెనక వ్యానే మొత్తం కప్పేసి కనిపిస్తుంది, దాని చక్రాలు మీకు కనిపించవు. మాకు ఫోన్‌లో చెప్పేది వెనక కారులో వచ్చిన మా ఆవిడే.

మీరూ 152 మీదుగానే వస్తారనుకుంటా. శాన్ లూయిస్ రిజర్వాయర్ పక్కన గాలి పక్క నుంచి కొడుతుంది, ఈ డబ్బా ఆకారపు వ్యాన్‌కి అది నచ్చదు. గాలి హెచ్చరిక ఉన్న రోజు ఆగిపోండి, పగలే రండి. పచేకో దిగేటప్పుడు ట్రక్కుని తక్కువ గేర్‌లో పెట్టి, మలుపుకి ముందే వేగం తగ్గించుకోండి. మలుపులో బ్రేక్ వేస్తే వెనకున్న 3,000 పౌండ్లు ట్రక్కు తోకను పక్కకు తోస్తాయి. 156 కలిసే చోటు దాటాక గిల్‌రాయ్ దాకా రెండు లేన్ల రోడ్డే, వెనక హారన్లు కొట్టినా కంగారుపడొద్దు.

రివర్స్ అనేది మర్చిపోండి. రెండడుగులు వెనక్కి వెళ్ళేలోపే వ్యాన్ ముందు చక్రాలు ఒక పక్కకు పూర్తిగా తిరిగిపోయి బార్‌ని వంచేస్తాయి. కాబట్టి గ్యాస్ స్టేషన్ అయినా, తినడానికి ఆగే చోటైనా ముందుకే బయటపడే దారి చూసుకుని లోపలికి వెళ్ళండి.

ఇన్ని చూసే ఓపిక లేకపోయినా, చూశాక ఏదో ఒకటి బాగా లేదని తేలినా ట్రైలర్ అద్దెకు తీసుకోండి. అద్దె కార్ ట్రైలర్ ఖాళీగానే 2,200 పౌండ్ల దగ్గర ఉంటుంది, వ్యాన్‌తో కలిపితే 5,000 దాటుతుంది, కాబట్టి దానికీ ఒడిస్సీ పనికిరాదు, పికప్ కావాలి. లేదా ఫ్లాట్‌బెడ్ వాళ్ళకు డబ్బులిచ్చి తెప్పించుకోండి. అలా ఎక్కించి తెస్తే వ్యాన్ రిజిస్ట్రేషన్ గొడవ కూడా తగ్గుతుంది. చక్రాల మీద లాగాలంటే రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందో, డీఎంవీ (అక్కడి వాహన రిజిస్ట్రేషన్ శాఖ) నుంచి పర్మిట్ ఏదైనా కావాలో ముందే కనుక్కోండి. మీ ఇన్సూరెన్స్ వాళ్ళకూ ఒక ఫోన్ చేయండి.

ఇంటికొచ్చాక విప్పేటప్పుడు తొందరపడొద్దు. సమతలంగా ఉన్న చోట ఆపి, వ్యాన్ చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాకే పిన్ను లాగండి. అన్నేళ్ళ హ్యాండ్ బ్రేక్ ఆ బండిని పట్టి ఉంచుతుందని నమ్మలేం.