మీ నాన్న ఇంటి ఫోన్ బిల్లు గురించి

మాధవీ,

నువ్వు పంపిన బిల్లు ఫోటో చూశాను. కాకినాడ అత్తయ్యకీ హైదరాబాద్‌లో మీ తమ్ముడికీ చేసిన కాల్స్‌కి పెద్దగా ఏమీ కాలేదు, నీకు డల్లాస్‌కి చేసిన ఐఎస్‌డీ, అంటే విదేశీ కాల్సే సగం బిల్లు తిన్నాయి. పైగా అది పాత రాగి తీగ లైను. ఫోన్ ముట్టుకోకపోయినా అద్దె పడుతూనే ఉంటుంది.

వాట్సాప్ నేర్పిస్తే సరిపోతుంది కదా అంటున్నాడట మీ తమ్ముడు. నిజమే, ఖర్చు లేనిది అదే. కానీ వేళ్ళు వణికే మనిషి చేతిలో టచ్ స్క్రీన్ పెట్టి, పచ్చ గుర్తు పైకి జరుపు నాన్నా అంటే ఎర్ర గుర్తు నొక్కి కూర్చుంటాడు, ఆ తర్వాత ఫోన్ పనిచెయ్యట్లేదని మనకే చెబుతాడు. హాల్లో బల్ల మీద ఉన్న ఫోన్ అయితే మోగుతుంది, ఎత్తుతాడు, మాట్లాడతాడు. మీ నాన్న అలవాటు మార్చొద్దు. లైను మారుద్దాం, ఇంకా ముఖ్యంగా, ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలో తేల్చుకుందాం. దూరపు కాల్ ఖర్చు దూరాన్ని బట్టి కాదు, డయల్ చేసేది ఏ చివర నుంచి అన్నదాన్ని బట్టే ఇప్పుడు.

ముందు మన దేశంలో కాల్స్ సంగతి. రాత్రి 11 దాటాక పావు రేటు అని జనం వేరే ఊళ్ళకి ఫోన్ చేసుకునే ఎస్‌టీడీ బూత్ ముందు క్యూ కట్టిన రోజులు నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసిన రోజులే. 2006 మార్చి 1 నుంచి దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అంటే మేమే నోళ్ళు వెళ్ళబెట్టాం. ఇప్పుడు ఆ రూపాయి కూడా అక్కర్లేదు. బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ ఎవరి ఫైబర్ (రాగి బదులు సన్న గాజు తీగ) లైను తీసుకున్నా మామూలు ప్లాన్లలోనే ఇంటి ఫోన్ నుంచి దేశమంతా అన్‌లిమిటెడ్ కాల్స్ కలిపే ఇస్తున్నారు. మీ ఇంట్లో ఇంటర్నెట్ ఎవరూ వాడకపోయినా సరే, ఫోన్ కోసమే ఫైబర్ పెట్టించినా తప్పులేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకో, ప్రకటనలో వేసే ధర మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 399 అని చూపించేది చేతికొచ్చేసరికి 471 అవుతుంది. ఇన్‌స్టలేషన్‌కి ఎంత, ఆరు నెలలో ఏడాదో ఒకేసారి కడితే అది మాఫీ చేస్తారా అన్నది నోటిమాటగా కాకుండా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాయించుకో.

నంబరు విషయంలో తొందరపడకు. మొబైల్‌కి ఉన్నట్టు పాత నంబరుతోనే కంపెనీ మారే పోర్టింగ్ ల్యాండ్‌లైన్‌కి మన దేశంలో లేదు, కంపెనీ మారితే నంబరూ మారుతుంది. మీ నాన్న నంబరు ఎన్నో ఏళ్ళుగా ఊళ్ళో అందరి దగ్గరా ఉంది. అందుకని ఇప్పుడున్న కంపెనీ వాళ్ళనే రాగి నుంచి ఫైబర్‌కి మార్చమని, పాత నంబరే ఉంచమని దరఖాస్తులోనే అడుగు. కుదరదంటే అప్పుడు వేరేవాళ్ళని చూద్దాం.

ఇక ఇంట్లో సరంజామా. అసలు తంటా ఇక్కడే వస్తుంది, కస్టమర్ కేర్‌లో ఇవేమీ చెప్పరు. ఫైబర్ వచ్చాక గోడకి ఒక చిన్న డబ్బా బిగిస్తారు, దాని వెనకాల ఫోన్ వైరు పెట్టే రంధ్రం ఉంటుంది. పాత ఫోన్ దానికే తగిలించొచ్చు గానీ, ఫోన్ అడుగున టి (టోన్), పి (పల్స్) అని చిన్న స్విచ్ ఉంటే టి వైపు ఉండాలి, లేకపోతే రింగు వస్తుంది కానీ డయల్ అవ్వకపోవచ్చు. పడగ్గదిలో రెండో ఫోన్ కూడా మోగాలంటే ఇంట్లో ఉన్న పాత వైరింగునే వాడుకోవచ్చు, అయితే బయట స్తంభం నుంచి వచ్చే పాత తీగని ముందు విడదీశాకే డబ్బాని దానికి కలపాలి. ఈ మాట లైన్‌మన్‌కి గట్టిగా చెప్పు. రెండూ కలిసి ఉంటే డబ్బాలో ఫోన్ పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంకొకటి కరెంటు. రాగి లైనుకి ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఊరంతా చీకటైనా ఫోన్ పలికేది. ఫైబర్ డబ్బాకి ఇంటి కరెంటే గతి. మన తెనాలిలో గాలివాన వస్తే సంగతి నీకు తెలుసుగా, అందుకే రౌటర్లకి అమ్మే మినీ యూపీఎస్ ఒకటి కొను, రెండు వేల లోపే దొరుకుతుంది. ఇన్వర్టర్ ఉంటే ఆ లైనులో ఉన్న ప్లగ్గుకే పెట్టించు.

మీ వీధికి ఫైబర్ రాలేదంటే దిగులు పడకు. చూడటానికి అచ్చం ల్యాండ్‌లైన్‌లాగే ఉండి లోపల సిమ్ పెట్టుకునే బల్ల ఫోన్లు దొరుకుతాయి. 4జీ వోల్టే, అంటే 4జీ మీదే కాల్స్ నడిచే సదుపాయం ఉన్నదే కొను. చౌకగా దొరుకుతుందని 2జీది కొంటే జియో సిమ్ అందులో పనిచెయ్యదు. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు కూడా ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక అన్ని పెద్ద కంపెనీలూ తెచ్చాయి, యాప్‌లో అడుగున ఎక్కడో ఉంటాయి, వెతుక్కోవాలి.

డయల్ చెయ్యడం ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన అంటించు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కి చేసినా ముందు సున్నా కొట్టాలి, పక్కింటివాళ్ళ మొబైల్‌కైనా సరే. మీ నాన్న ఇది మర్చిపోయి, అత్తయ్య ఫోన్ పనిచెయ్యట్లేదని నాకు చెబుతుంటాడు. కాకినాడ ల్యాండ్‌లైన్ అయితే 0884, హైదరాబాద్ 040.

ఇప్పుడు నీ సంగతి. ఏ అన్‌లిమిటెడ్ ప్లాన్ తీసుకున్నా అందులో అమెరికా కాల్స్ మామూలుగా ఉండవు. ఐఎస్‌డీ ప్యాక్ వేయించొచ్చు కానీ నా మాట వింటే వద్దంటాను. ఇంటి ఫోన్‌కి ఐఎస్‌డీ పూర్తిగా లాక్ చేయించు, అటునుంచి నువ్వే చెయ్యి. అమెరికా నుంచి ఇండియా ల్యాండ్‌లైన్‌కి నెలవారీ అన్‌లిమిటెడ్ ప్యాక్‌లు చాలామంది ఇస్తున్నారు, నీ మొబైల్ కంపెనీలోనే అదనంగా కలుపుకునేది ఉందేమో ముందు చూడు. కాలింగ్ యాప్ అయితే, నీ ఊరి లోకల్ నంబరుకి చేస్తే వాళ్ళే ఇండియాకి కలిపే రకం మంచిది, నెట్ సరిగ్గా లేనప్పుడు కూడా మాట తెగదు. డబ్బులు ఎక్కువ మొత్తం ముందే వేసి పెట్టకు. 2025 మే 5న స్కైపే మూతపడింది, మిగతావాళ్ళ సంగతి ఎవరు చెప్పగలరు. ఇండియన్ స్టోర్ కౌంటర్ దగ్గర కాలింగ్ కార్డులు కనిపిస్తే, మీద రాసిన నిమిషాలు చూడకు. కాల్ కలిసినందుకు ఎంత, వారానికి మెయింటెనెన్స్ పేరుతో ఎంత కోస్తారు, ఎన్ని నిమిషాలకొకసారి లెక్క వేస్తారు, ఇవి వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి, అవి చదువు.

మరీ నమ్మలేనంత చౌకగా ఉన్న యాప్‌తో ఒక పరీక్ష చెయ్యి. నువ్వు చేసినప్పుడు ఇక్కడ నీ నంబరు కాకుండా మన దేశపు మొబైల్ నంబరు ఏదో కనిపిస్తే, ఆ కాల్ దొంగ దారిలో, ఎవడో సిమ్‌లు గుత్తులుగా పెట్టి నడిపే డబ్బాలోంచి వస్తున్నట్టు అనుమానించాలి. అది చట్టవిరుద్ధం, మాట కూడా నూతిలోంచి వచ్చినట్టుంటుంది. వదిలెయ్.

మరి నాన్నకి నీతో మాట్లాడాలనిపిస్తే? ఐఎస్‌డీ లాక్ అయ్యాక మిస్డ్ కాల్ కూడా ఇవ్వలేడు, ఇవ్వకపోవడమే నయం, నీ వాయిస్‌మెయిల్ ఎత్తిందంటే ఒక నిమిషం పడిపోతుంది. మీ తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు నీకు మెసేజ్ పెడతాడు, నువ్వు తీరిక చూసుకుని చేస్తావు. దానికి పైసా కాదు. రోజూ ఒక టైమ్ పెట్టుకుంటే ఆ అవసరమూ రాదు. ఇక్కడ ఉదయం ఏడున్నర బాగుంటుంది, నీకు చలికాలం రాత్రి 8, మార్చిలో గడియారాలు ముందుకి జరిపాక 9 అవుతుంది. నవంబరులో మళ్ళీ మారినప్పుడు ఆ సంగతి నాన్నకి ముందే చెప్పు, లేకపోతే గంటసేపు ఫోన్ పక్కన కూర్చుని మీ అమ్మ మీద చిరాకు పడతాడు.

ఇంకోటి. ఇంటి ఫోన్‌కి, ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో కనెక్షన్ కట్ అవుతుంది, 9 నొక్కండి అని కాల్స్ వస్తుంటాయి. ట్రాయ్ ఎవరికీ అలా ఫోన్ చెయ్యదు, పెట్టెయ్యమను. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెయ్యాలి, ఈ నంబరు కూడా ఆ అట్ట మీదే రాయి.

పాత బిల్లు, మీ నాన్న ఆధార్ కాపీ నాకు వాట్సాప్‌లో పంపించు, దరఖాస్తు నేనే పెట్టిస్తాను. నంబరు ఉంచడం కుదరక లైను సరెండర్ చెయ్యాల్సి వస్తే, ఎప్పుడో కట్టిన డిపాజిట్ ఉంటుంది. దాని రసీదు బీరువాలో మీ తాత పాత ఫైల్లో ఉండాలి, అమ్మని వెతకమను.

పెదనాన్న