క్యాచ్ ట్యాంక్ సంగతి తర్వాత, ముందు ఆయిల్ మూత తీసి చూడండి

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో కోవెంట్రీ దగ్గర ఉంటాం. నిరుడు 1967 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరిచే పాత బ్రిటిష్ కారు) ఒకటి కొన్నాను. ఇంజన్ వెనక వైపు నుంచి ఆయిల్ కారుతోంది, ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే కాలిన ఆయిల్ వాసన. ఇంజన్ లోపలి గ్యాస్ బయటికి పోయే బ్రీదర్ పైపులన్నీ పీకేసి క్యాచ్ ట్యాంక్‌కి కలిపేయమంటున్నాడు ఒక ఫ్రెండ్. కలిపేయనా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ట్యాంక్ పెడితే బయటికొచ్చిన ఆయిల్ ఒకచోట చేరుతుంది, అంతే. ఎంత మంచి ఇంజన్‌లోనైనా పిస్టన్ రింగులు దాటి కొంత గ్యాస్ క్రాంక్‌కేసులోకి (ఇంజన్ అడుగు భాగం) దిగుతూనే ఉంటుంది, దానికి దారి దొరక్కపోతే లోపల ఒత్తిడి పెరిగి ఎక్కడ సందుంటే అక్కణ్ణుంచి, ముఖ్యంగా వెనక సీల్ దగ్గర, ఆయిల్‌ని బయటికి తోసేస్తుంది. 1962లో వచ్చిన మొదటి ఎంజీబీల్లో ఈ గ్యాస్ కొంత ఒక గొట్టం గుండా నేరుగా రోడ్డు మీదికే పోయేది. 1964 నుంచి ఇన్‌లెట్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి, పెట్రోల్ వెళ్లే గొట్టం) మీద స్మిత్స్ కంపెనీ వాల్వు పెట్టి, ఇంజనే దాన్ని పీల్చి కాల్చేసేలా చేశారు. మీ కారు ఆ తరందే.

ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో (కారు ఆగి, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ) ఉండగానే ఆయిల్ పోసే మూత తీయండి. వాల్వు పనిచేస్తుంటే ఇంజన్ స్పీడు సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, చెవికే తెలుస్తుంది. ఏ మార్పూ లేదా, వాల్వు మీది క్లిప్పు తీసి లోపలి రబ్బరు డయాఫ్రం (పల్చటి పొర) చూడండి, చిరిగితే మార్చాల్సిందే. ఆ మూత కూడా ఈ ఏర్పాటులో భాగమే, తాజా గాలి లోపలికి వచ్చేది దాని ఫిల్టర్‌లోంచే. మెరుస్తుందని చిల్లు లేని క్రోమ్ మూత కొని బిగించేవాళ్లు చాలామంది, మీ పాత ఓనరూ ఆ పని చేశాడేమో చూసుకోండి. తర్వాత ఇంజన్ పక్కన ముందువైపు టాపెట్ కవర్ (వాల్వుల్ని కదిపే భాగాల మీది మూత) ఊడదీయండి. దాని మీది డబ్బాలో ఉండే వైర్ జాలీ ఏళ్ల తరబడి నల్లటి మడ్డి పట్టి మూసుకుపోయి ఉంటుంది, కిరోసిన్‌లో నానబెట్టి కడిగితే చాలు. మన అనుమానంలో సగం అక్కడే.

ఇవన్నీ బాగుండి కూడా కారుతుంటే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి. సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూసినప్పుడు రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయన్నమాట, అప్పుడు ఏ ట్యాంకూ మిమ్మల్ని కాపాడదు.

రేసులకు తీసుకెళ్తానంటే వేరే మాట. ఓపెన్ బ్రీదర్ (గ్యాస్‌ని ఇంజన్ పీల్చకుండా బయటికే వదిలేది) ఉన్న కార్లకు మోటార్ రేసుల అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల్లో ట్యాంక్ తప్పనిసరి, 2000 సీసీ వరకు 2 లీటర్లు, ఆపైన 3 లీటర్లు, లోపల ఎంత చేరిందో బయటికి కనిపించాలి కూడా. మీది 1798 సీసీ కాబట్టి 2 లీటర్లది సరిపోతుంది. అలా పైపులు మార్చినప్పుడు మానిఫోల్డ్‌కి ఉన్న కన్నం మూయడం మర్చిపోకండి, లేదంటే గాలి దూరి పెట్రోల్-గాలి మిక్స్చర్ పలచబడుతుంది.

రోడ్డు మీద తిప్పే కారుకి ట్యాంక్ పెట్టాలనే ఉంటే వాల్వుకి ముందు పైపులో, అన్ని వైపులా మూసి ఉండి లోపల అడ్డుపలకలున్నది పెట్టండి, పీల్చుకోవడం ఆగదు. చలికాలంలో దగ్గర దగ్గర తిరుగుళ్లయితే అందులో నీళ్లూ ఆయిలూ కలిసి మీగడలా తెల్లగా చేరుతుంది, దాన్ని తరచూ తీసేయాలి, ఆయిల్ ఖరీదైందని మళ్లీ ఇంజన్‌లో మాత్రం పోయకండి.