వీడియో చూస్తే అంతా అర్థమవుతోంది, ఖాళీ ఫైల్ తెరిస్తే చెయ్యి ఆడటం లేదు

బీకాం చదివి, ఆరు నెలల్లో మూడు ఆన్‌లైన్ జావాస్క్రిప్ట్ (వెబ్ పేజీల్ని పని చేయించే ప్రోగ్రామింగ్ భాష) కోర్సులు మొదలుపెట్టి మూడూ మధ్యలో వదిలేశానన్నారు. ఇప్పుడు విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్‌కి డబ్బు కట్టాలా, నాలుగో కోర్సు కొనాలా అని అడిగారు. రెండూ వద్దు. వదిలేసిన మూడింటిలో ఏదో ఒకటి మళ్ళీ తెరవండి.

నేను మద్దిలపాలెంలో మా మేడ మీద సాయంత్రాలు కొత్తవాళ్ళకి జావాస్క్రిప్ట్ చెబుతుంటాను. చెబుతాననడం కూడా ఎక్కువే. పాఠం ఆన్‌లైన్ కోర్సే చెబుతుంది. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే సైటు పెట్టుకుంటాం, ఉచితం. నేను పక్కన కూర్చుని ఎవరు ఎక్కడ ఆగిపోయారో చూస్తానంతే. దాదాపు అందరూ ఆగే చోటు ఒకటే. వేరియబుల్స్ (విలువ దాచుకునే పేర్లు), ఇఫ్ (షరతు), లూప్ (ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించడం) దాకా సాఫీగా వెళ్ళిపోతారు. ఫంక్షన్లూ (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్కలు), ఎర్రేలూ (ఒకే పేరు కింద వరసగా పెట్టుకునే చాలా విలువలు) కలిసే చోట బండి మొరాయిస్తుంది. అప్పటిదాకా ఏం జరిగిందంటే, కోర్సు ఒక లైను ఖాళీ వదిలింది, మీరు పూరించారు, టెస్టు పాసయింది, టిక్కు పడింది. చుట్టూ ఉన్న పది లైన్లు మాత్రం మీరు రాసినవి కావు.

అందుకని మా దగ్గర పాఠం అయ్యాక ట్యాబ్ మూసేసి, ఎవరి సొంత లెక్క వాళ్ళు రాసుకోవాలి. ఒకమ్మాయి ఎంవీపీ కాలనీ రైతుబజారు బిల్లు ఎంచుకుంది. మొదటి రోజు రెండే కూరలు. ప్రాంప్ట్ (అడిగి, మనం కొట్టింది తీసుకునే పెట్టె) పెట్టి ఒకదానికి 10, ఇంకోదానికి 5 అని కొట్టింది. ‘‘మాస్టారూ, ఇదేటండి, 105 అంటంది!’’ అంది. మనం అంకె కొట్టినా ప్రాంప్ట్ దాన్ని అక్షరాలుగానే చేతికిస్తుంది. అక్షరాల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుంది. అక్కడే ప్లస్ తీసి మైనస్ పెట్టమన్నాను. 5 వచ్చింది! మైనస్‌కి అతికించే పని తెలీదు కనుక అంకెలుగా మార్చుకుని తీసేసింది. ఇదంతా ఆ అమ్మాయి వారం ముందే కోర్సులో చదివింది, క్విజ్‌లో సరిగ్గానే పెట్టింది కూడా. బిల్లు తప్పొచ్చాకే బుర్రకెక్కింది. అక్షరాల్ని అంకెగా మార్చే నంబర్ అనే ఫంక్షన్‌లో వేసి సరిచేసుకుంది.

మర్నాడు అల్లం వంద గ్రాములు, వెల్లుల్లి రెండొందలు. కిలోల్లో 0.1, 0.2 అని ఇస్తే మొత్తం బరువు 0.30000000000000004 అని వచ్చింది. తూకంలో మోసం పట్టుకున్నట్టు నావైపు చూసింది. మూడో వంతుని మనం దశాంశాల్లో రాస్తే 0.333 అంటూ తెగదు కదా, కంప్యూటర్ వాడే సున్నా ఒకట్ల పద్ధతిలో 0.1 కూడా అలాగే తెగదు. కిలోలు మానేసి గ్రాముల్లో రాయమన్నాను, గొడవ వదిలింది. మీరు కామర్స్ వాళ్ళు, డబ్బు లెక్క రాసేటప్పుడు పైసల్లో పెట్టుకోండి.

మూడో వారానికి కూరలు పన్నెండయ్యాయి, వేరియబుల్సూ పన్నెండయ్యాయి. వంకాయ ధర మార్చబోయి బెండకాయ ధర మార్చి విసుక్కుంది. ఎర్రేల పాఠం ఆ రోజే తెరిచాం, గంటలో అయిపోయింది. అవసరం పుట్టకముందు అదే పాఠం చూస్తే రెండుసార్లు చూసినా నిలవదు.

ఇంగ్లీషు ఎర్రర్ చూసి బెదిరిపోయేవాళ్ళు ఎక్కువ. ఎఫ్12 నొక్కి కన్సోల్ (బ్రౌజర్ తప్పులు చూపించే చోటు) తెరిచి, ఎర్ర అక్షరాల్లో మీరు రాసిన పేరు ఎక్కడుందో వెతకండి. ఉదాహరణకి, పేజీలో ఒక భాగాన్ని దాని ఐడితో పట్టుకునే ‘గెట్ ఎలిమెంట్ బై ఐడి’లో చివరి ‘డి’ చిన్న అక్షరం. పెద్దది కొడితే ‘ఈజ్ నాట్ ఎ ఫంక్షన్’ అంటుంది. తెలుగులో పెద్ద చిన్న అక్షరాల గోల లేదు కాబట్టి మన కంటికి ఆ తేడా ఆనదు. నేనూ ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను దానిమీద.

కోర్సు పాతదో కాదో చూడ్డానికి నాకో గుర్తుంది. వేరియబుల్ పెట్టడానికి వాడే ‘లెట్’, ‘కాన్స్ట్’ అనే మాటలు 2015లో భాషలోకి వచ్చాయి. మొదటి పాఠం నుంచి చివరిదాకా అదే పనికి పాత మాట ‘వార్’ తప్ప ఇంకోటి కనబడకపోతే ఆ వీడియో మానేయండి. ఏదైనా సందేహం వస్తే మోజిల్లా వాళ్ళ ఎండీఎన్ అనే వివరణల సైటు చూడండి. ఇంకోటి, ముందు జావా రావాలేమో అని ఇంట్లో అంటారు, అక్కర్లేదు, అది వేరే భాష. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ మొదటి రూపం రాసినప్పుడు పేరు మోకా, తర్వాత లైవ్‌స్క్రిప్ట్. అప్పట్లో జావాకి ఉన్న గిరాకీ చూసి ఈ పేరు తగిలించారు.

కోచింగ్ సంగతంటారా, నేనూ ఒకప్పుడు ఒకచోట ఫీజు కట్టాను. ఒకే గదిలో నలభైమందిమి, సారు స్లైడ్లు చదివేవారు, కీబోర్డు మీద మా చెయ్యి పడేదే కాదు. చేరక తప్పదనుకుంటే, క్లాసులో టైపు చేసేది ఎవరో ఒక రోజు కూర్చుని చూశాక కట్టండి.

మీకైతే జీఎస్టీ బిల్లే పెట్టుకోండి. రెండు వస్తువులు, ఒకదానికి 5 శాతం, ఇంకోదానికి 18. ఫోన్‌లో వద్దు, కంప్యూటర్ ముందు రోజుకో గంట చాలు. ఆగిపోయిన చోట ఎర్రర్ లైను మొత్తం, మీరు రాసిన కోడ్‌తో కలిపి ఇక్కడే కింద పెట్టండి. స్క్రీన్ ఫొటో తీసి పెట్టకండి, కాపీ చేసి పెడితే నేను నడిపి చూడగలను.