ప్రదర్శనలు పెట్టబోయే వాణికి

బ్రాడీపేట, గుంటూరు

చి. సౌ. వాణికి పెదనాన్న ఆశీస్సులు.

బెజవాడ గ్యాలరీలో తాత్కాలిక ప్రదర్శనల పని నీకు అప్పజెప్పారని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన జాబితా చూశాను. ఏడాదికి నాలుగు, నాలుగూ చిత్రకారులవే. పేర్లు మారినా వచ్చినవాళ్ళు చేసేది ఒకటే: గోడ వెంట నడుస్తూ ఫ్రేములు చూసుకుంటూ పోవడం. రెండోసారి ఎందుకొస్తారమ్మా? చిత్రకారుణ్ణి మార్చితే చాలదు, చూసే తీరు మార్చాలి.

ఒక చిత్రకారుణ్ణి మాత్రం ఉంచు. దామెర్ల రామారావు (1897–1925) అయితే మంచిది. బొమ్మలు రాజమండ్రి నుంచి అడిగి తెచ్చుకోవాలి, ఉత్తరాలు ఇప్పుడే మొదలుపెట్టు.

తర్వాతది కలంకారీకి ఇవ్వు. పెడన అచ్చు, శ్రీకాళహస్తి కలం పక్కపక్కన పరిస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. అచ్చులో పువ్వు పదిసార్లూ ఒకేలా పడుతుంది, కలం గీత ఎక్కడో ఒకచోట లావెక్కుతుంది. పాత బట్ట దొరికితే నల్ల గీతల దగ్గర భూతద్దం పెట్టించు. ఆ నలుపు ఇనపతుప్పు, బెల్లం ఊరబెట్టి తీసింది. ఇనుము నూలును మెల్లగా తినేస్తుంది కాబట్టి ఎరుపు నిలిచినచోట కూడా నలుపు చిల్లులు పడుతుంది. పిల్లలు ముట్టుకోడానికి కొత్త ముక్క ఒకటి విడిగా వేలాడదియ్యి. పాతదాన్ని మడతపెట్టనివ్వకు, గొట్టానికి చుట్టించు.

బట్టకీ కాగితానికీ వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వస్తువు మీద పడే వెలుతురుకి కొలత) దాటకూడదు. వెలిసిన రంగు మళ్ళీ రాదు. మూడు నెలలు చూపించి తిరిగి చీకట్లో పెట్టాల్సిందే కాబట్టి తాత్కాలిక ప్రదర్శనే వాటికి దిక్కు. ప్రారంభోత్సవం శాలువాల ఖర్చులో కొంత మిగిల్చి లక్స్ మీటరు కొను.

సంక్రాంతికి కొండపల్లి బొమ్మలు. ఇళ్ళలో కొలువులు పెట్టే రోజులు, జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. రంగులేసినవే కాకుండా ఆ బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెక్క, సగం చెక్కిన ఏనుగు, చింతగింజల పిండితో అతికిన కాలు కూడా పెట్టు.

నాలుగోది ఒక్క వస్తువుతో. బందరు రోడ్డు బాపు మ్యూజియంలో అల్లూరు బుద్ధుడి ముందు ఓ పూట నిలబడి చూడు, ఒక్క శిల్పం ఎంత చోటు అడుగుతుందో తెలుస్తుంది. మీ స్టోర్‌రూమ్‌లో అలాంటి రాయి ఒకటి ఉండకపోదు, ముందు ఆ తాళం తీయించు.

2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం మన ఆంధ్రదేశపు బౌద్ధ శిల్పాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. అలాంటిది నీకూ చెయ్యాలని ఉంటుంది. తొలి ఏడాది వద్దు. అరువు తెచ్చిన ప్రతిదానికీ బీమా, ప్యాకింగ్, వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉందో అన్ని వైపులా ఫొటోలతో రిపోర్టు కావాలి. పెట్టె వచ్చాక 24 గంటలు తెరవకుండా హాల్లోనే ఉంచాలి, లేకపోతే గాలిమార్పుకి చెక్క బిగుసుకుని పగుళ్ళిస్తుంది. దామెర్ల బొమ్మలతో ఈ పనంతా నీకు అలవాటవుతుంది.

లేబుళ్ళు రాశాక వాట్సాప్‌లో పంపు, అచ్చుతప్పులు చూస్తాను. అక్షరాలు మాత్రం పెద్దవి వేయించు, మా వయసువాళ్ళూ వస్తారు.

పెదనాన్న